ఉధ్నా మేడగదిలో సాక్సఫోన్ మాస్టారు

ఏప్రిల్ మూడో వారంలో ఒక ఉదయం, సూరత్ రింగ్ రోడ్డులోని మా బ్యాంకు తలుపులు తీయడానికి ఇంకా పావుగంట ఉందనగా ఫోను మోగింది. మాట్లాడింది మాస్టారి భార్య. ఆమెను మేమంతా పెద్దమ్మ అని పిలుస్తాం.

"బిడ్డా, మీ సారు పోయిండు. పొద్దుగాల ఆరింటికంట. ఇప్పుడే దవఖాన నుంచి చెప్పిన్రు. మీరెవ్వరు రాకుండ్రి, లోపటికి రానిస్తలేరు. ఆ ఇద్దరికి నువ్వే చెప్పు."

ఆమె గొంతు వణకలేదు. అందుకే నాకు ఎక్కువ భయం వేసింది. ఆ ఇద్దరంటే మాస్టారి సాక్సఫోన్‌తో, నా కీబోర్డుతో కలిసి వాయించేవాళ్ళు. ఒకరు హజీరాలో పనిచేసే తెలుగు ఇంజనీరు, బేస్ గిటార్ వాయిస్తాడు. ఇంకొకరు వజ్రాలు సానపట్టే గుజరాతీ ఆయన, డ్రమ్ములు వాయిస్తాడు. మేమందరం ఆయనను భాయ్ అంటాం. ఇద్దరికీ ఫోన్లు చేసి, మాస్కు సర్దుకుని, కౌంటరులో కూర్చున్నాను. ఆ పూట నా ముందుకు వచ్చిన వాళ్ళలో నలుగురు మరణ ధ్రువపత్రాలు పట్టుకుని వచ్చారు.

మాస్టారి గురించి పత్రికల్లో ఎవరూ రాయరు. ఉధ్నాలో మరమగ్గాల మధ్య ఒక మేడగదిలో ప్రతి ఆదివారం సాయంత్రం నాలుగింటికి జాజ్ సంగీతం వినిపించేదని చెబితే సూరత్‌లోనే చాలామంది నమ్మరు. అందుకే నాకు తెలిసినంత నేను రాస్తున్నాను.

నేను బదిలీ మీద సూరత్ వచ్చిన కొత్తలో మా అమ్మ హార్మోనియం పాడైంది. ఉధ్నాలో తెలుగాయన ఒకరు వాయిద్యాలు బాగుచేస్తారని ఎవరో చెబితే పట్టుకువెళ్ళాను. చిన్న దుకాణం. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకున్న ఒక పెద్దాయన నేల మీద కూర్చుని క్లారినెట్ మీటలకు నూనె పెడుతున్నారు. హార్మోనియం విప్పి, తోలుతిత్తి మార్చి, "ఇగ వాయించి చూసుకో బిడ్డా" అన్నారు. చిన్నప్పుడు నేర్చుకున్న వర్ణం ఒకటి వాయించాను. రెండో ఆవృత్తంలో వెనకనుంచి సాక్సఫోన్ వినిపించింది. నేను వాయిస్తున్నదే, కానీ అది కాదు. నా స్వరాల పక్కనుంచి వెళ్ళి, ఎక్కడెక్కడో తిరిగి, నేను ఆగాల్సిన చోటికి నాకంటే ముందే వచ్చి నిలబడింది.

"గిదేందండి మాస్టారూ?" అన్నాను. అప్పటికే ఆయన యాస నా నోటికి అంటుకుంది. ఆయన నవ్వారు.

"పెండ్లి బ్యాండుల అందరు ఒక్కటే పాట పట్టుకొని బరాత్ ఎంబడి నడుస్తరు. గిందుల పాట ఒక్కటే గానీ తొవ్వలు వేరే. ఎవని తొవ్వన వాడు పోవాలె, మళ్ళ అదే చౌరస్తకు రావాలె. దీన్నే జాజ్ అంటరు."

మగ్గాల పనికి వచ్చిన తండ్రి వెంట ఆయన తెలంగాణ నుంచి చిన్నతనంలోనే సూరత్ చేరారు. పదిహేనేళ్ళకు పెళ్ళి బ్యాండులో క్లారినెట్ పట్టారు. తరువాత బొంబాయి వెళ్ళి హోటళ్ళలో వాయిస్తూ, ఒక గోవా పెద్దమనిషి దగ్గర సాక్సఫోన్ నేర్చుకున్నారు. ఆ హోటళ్ళలో పాటలు ఆగిపోయాక తిరిగి వచ్చి ఉధ్నాలో దుకాణం పెట్టారు. పైన ఉన్న గదిని మాత్రం అద్దెకు ఇవ్వలేదు. "ఆదివారం పూట నాకో గది గావాలె" అనేవారు.

పాతికమంది పట్టే గది అది. గుజరాత్‌లో మద్యం ఉండదు కాబట్టి మా జాజ్ అంతా చాయ్ మీదే నడిచింది. పెద్దమ్మ అల్లం దంచే చప్పుడు మెట్ల కిందనుంచి వినపడుతుంటే భాయ్ దానికి తగ్గట్టు తాళం వేసేవాడు. వినడానికి వచ్చేవాళ్ళలో మగ్గాల మేస్త్రీలు, రైల్వే గుమాస్తాలు, ఒకరిద్దరు కాలేజీ పిల్లలు ఉండేవారు. మొదటి వరుసలో కూర్చుంటే సాక్సఫోన్ మీటలు పడే టపటపలు, మాస్టారు గాలి పీల్చుకునే చప్పుడు కూడా వినిపించేవి. ఆ దగ్గరతనం కోసమే జనం వచ్చేవారు.

ఆయన అలవాట్లు కొన్ని నాకు ఎప్పటికీ గుర్తుంటాయి. వాయించే ముందు, సాక్సఫోన్ ఊదేచోట బిగించే రెల్లుబద్దను నోట్లో తడుపుకుంటూ గదంతా ఒకసారి తిరిగి కిటికీలన్నీ తెరిచేవారు. వాయించడం అయ్యాక సాక్సఫోన్ లోపలి తడి తుడవడానికి నూలుబట్ట కావాలి. ఊరినిండా పాలిస్టరే. "గింత పెద్ద బట్టల ఊర్ల తడి పీల్చే బట్ట దొరకదు" అని విసుక్కుంటూ తన పాత లుంగీలే చింపుకునేవారు.

నేను కీబోర్డు మీద వేళ్ళు ఆపకుండా పరుగులు తీస్తుంటే కళ్ళతోనే మందలించేవారు. ఒకరోజు అన్నారు: "ఆపుడు గూడ వాయించుడే బిడ్డా. ఆపుడు రాకుంటే మనిషి వాయించినట్టుండదు, సాంచా నడిచినట్టుంటది." సాంచా అంటే మరమగ్గం. ఆ మాట నాకు సంగీతంలోనే కాదు, ఇంట్లోనూ ఆఫీసులోనూ ఉపయోగపడింది.

మొదటి లాక్‌డౌన్‌లో గది మూతపడింది. కూలీలు మూటలు నెత్తిన పెట్టుకుని వెళ్ళిపోయారు. ఉధ్నాలో మగ్గాలు ఆగినప్పుడు వచ్చే నిశ్శబ్దం ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది. మాస్టారు ఫోనులో, "చెవులల్ల ఏదో పోసినట్టున్నది బిడ్డా" అన్నారు.

చలికాలం వచ్చేసరికి ఊరు మళ్ళీ మామూలైపోయింది. మార్కెట్లలో ఇసుక వేస్తే రాలని జనం. కరోనా పోయిందని అందరూ అనుకున్నాం. ఆదివారాలు మళ్ళీ మొదలుపెడదామని ఇంజనీరు, నేను మాస్టారిని అడుగుతూనే ఉన్నాం. ఆయన దాటవేస్తూ వచ్చారు.

మార్చి నెలాఖరున నాకు విజయవాడకు బదిలీ ఉత్తర్వులు వచ్చాయి; మే నెలలో అక్కడ చేరాలి. దుకాణానికి వెళ్ళి, "నేను వెళ్ళేలోగా ఒక్క ఆదివారం వాయిద్దామండి" అన్నాను.

ఆయన వెనక అల్మారా చూపించారు. అందులో క్లారినెట్లు నాలుగు, బాకా ఒకటి ఉన్నాయి.

"గీ నెలల వచ్చినయ్ ఇవి. బ్యాండోళ్ళవి. ఎప్పుడైనా ఎవని సామాను వాడే తెచ్చుకుంటడు, బిడ్డలెక్క చంకల వెట్టుకొని వస్తడు. ఇవి తమ్ముడు తెచ్చిండు, కొడుకు తెచ్చిండు, ఇదైతే పెండ్లాం తెచ్చింది. సామాన్లు వస్తున్నయ్, మనుషులు వస్తలేరు."

"ఏమైందట వాళ్ళకి?"

"జొరమట. జర తక్కువైనంక వస్తడట." ఆయన వీధికి ఎదురుగా ఉన్న మందుల దుకాణం వైపు చూశారు. వరుస పక్కవీధి మలుపు దాకా ఉంది. "గాలి మంచిగ లేదు బిడ్డా."

అప్పుడు నేను ఊరుకుని ఉండవలసింది. ఊరుకోలేదు. "మళ్ళీ ఎప్పుడొస్తానో తెలీదు మాస్టారూ. పదిహేనుమందినే పిలుద్దాం, అందరూ మాస్కులు పెట్టుకుంటారు" అని బతిమాలాను. ఆయన చేతిలో ఉన్న క్లారినెట్‌ను తుడిచి అల్మారాలో పెట్టారు. తరువాత, "సరే. నీ కోసం ఒక్కటి" అన్నారు.

ఆ ఆదివారం ఎండ కాలుస్తోంది. పదిహేనుమంది దూరం దూరంగా కూర్చున్నారు. మొదటి పాట బాగా సాగింది. ఏడాది తరువాత ఆయన వెనక వాయిస్తున్నానన్న సంతోషంలో నేను ఇంకేదీ గమనించలేదు.

రెండో పాటలో ఆయన వంతు వచ్చింది. అందులో ఒకే స్వరాన్ని ఎనిమిది తాళాలపాటు నిలపడం ఆయనకు అలవాటు. దాని కోసమే ఎదురుచూసేవాళ్ళుండేవారు. ఆ రోజు ఐదో తాళం దగ్గర స్వరం తెగిపోయింది. నేను తలెత్తాను. ఆయన మళ్ళీ ఊదారు. నాలుగు దగ్గర తెగింది. దగ్గు లేదు, ఆయాసం లేదు. సాక్సఫోన్ దించి, దాని మూతివైపు ఒక్క క్షణం చూసి, వెంటనే జేబులోని మాస్కు తీసి కట్టుకున్నారు. గోడకు ఆనుకునేదాకా వెనక్కి జరిగారు.

"అందరు లేవుండ్రి. ఇండ్లకు పోండ్రి. మెట్ల మీద ఒకలెన్క ఒకలు, దూరం దూరం."

ఎవరికీ అర్థం కాలేదు. వెనకనుంచి ఒక మేస్త్రీ, "ఉస్తాద్, ఏక్ తో పూరా కర్ దో" అన్నాడు. ఒక్కటైనా పూర్తి చేయమని.

"జావ్ బోలా న! పొమ్మంటున్న గద!" అని మాస్టారు అరిచారు. ఆయన అరవడం నేనెప్పుడూ వినలేదు. జనం నొచ్చుకుంటూ దిగిపోయారు. ఇంజనీరు ఉండబట్టలేక అడిగాడు: "ఏమైందండీ? మీకు ఒంట్లో బాగానే ఉంది కదా?"

"నలభై అయిదేండ్ల సంది కొలుస్తున్న నాయనా. నా ఊపిరి ఎంతున్నదో నాకెర్కలేదా? పోండ్రి. పోయి స్నానాలు చేయుండ్రి. పది రోజులు ఇంట్ల పెద్దోళ్ళ దగ్గరికి పోకుండ్రి."

మేము దిగుతుంటే భాయ్ మెట్ల మీద ఆగి నెమ్మదిగా అన్నాడు, "డర్ గయే హై ఉస్తాద్." భయపడ్డారు మాస్టారు అని. ఆయనకు భయమెందుకో మూడోనాడు జ్వరం వచ్చాక తెలిసింది.

జ్వరంలో కూడా ఆ పదిహేనుమందికీ రోజూ ఫోను చేసి ఎలా ఉన్నారని అడిగారు. ఇద్దరికి జబ్బు చేసింది, తగ్గింది. మిగతావాళ్ళం బయటపడ్డాం. పాట మధ్యలో ఆయన ఆపకపోయి ఉంటే, ఇంకో గంట ఆ గదిలో ఊది ఉంటే, ఈ లెక్క ఎలా ఉండేదో నేను ఊహించదలచుకోలేదు.

ఆయనను ఆసుపత్రికి తీసుకుపోయాక పెద్దమ్మ నాకొక సంగతి చెప్పింది. బ్యాండువాళ్ళ క్లారినెట్లు బాగుచేశాక ప్రతిదాన్నీ ఆయన వేడినీళ్ళతో కడిగి, నోటితో ఊది చూసేవారట. వద్దని ఆమె గొడవపడితే, "ఊదకుంట బాగైందని ఎట్ల చెప్త? వాడు తిరిగొచ్చి వాయించుకోవద్దా?" అన్నారట.

"గక్కడ్నుంచే అంటుకున్నది బిడ్డా. నీ ఆదివారం వల్ల గాదు. నువ్వు మనసుల వెట్టుకోకు" అంది పెద్దమ్మ. ఆమె నా మీద దయతో అందో, నిజం తెలిసే అందో నాకు తెలియదు. తెలుసుకునే దారి ఇక లేదు.

ఆసుపత్రినుంచి ఆయన నాకు ఒకేసారి ఫోను చేశారు. ఆక్సిజన్ బుసబుసల మధ్య రెండు రెండు మాటలుగా వచ్చింది ఆ గొంతు. "బిడ్డా... మొన్న సగంల... ఆపినం గద. వాయించు. నేను వింట."

ఫోను కీబోర్డు పక్కన పెట్టి ఆ రెండో పాటే మొదలుపెట్టాను. ఆయన వంతు వచ్చినప్పుడు ఏం చేయాలో తోచలేదు. నేనే నింపేస్తే మర్యాద కాదనిపించింది. అడుగున రెండు మీటలు మాత్రం మెల్లగా నొక్కుతూ, పైన ఏమీ వాయించకుండా, ఎనిమిది తాళాలు వదిలేశాను. అంతసేపూ ఫోనులో గాలి బుస, దూరంగా ఎవరిదో దగ్గు, ఏదో యంత్రం కూత. తరువాత పాట ముగించాను.

"ఖాళీ ఇడిసినవ్" అన్నారు ఆయన. ఒక ఊపిరి తీసుకుని, "మంచిగున్నది. ఇగ వచ్చింది నీకు."

అదే నాకు ఆయన ఇచ్చిన ఆఖరి పాఠం. తరువాత రెండు రోజులకు పెద్దమ్మ ఫోను వచ్చింది.

ఆ రోజు రావద్దని ఆమె చెప్పినా మేం ముగ్గురం ఉండలేకపోయాం. శ్మశానానికి వెళ్ళే రోడ్డు పక్కన, మూతబడ్డ చెరుకురసం బండి దగ్గర మధ్యాహ్నం మూడింటికి కలుసుకున్నాం. దగ్గరగా నిలబడలేదు. భాయ్ పూలదండ ఒకటి తెచ్చాడు. దాన్ని ఎవరికి ఇవ్వాలో తెలియక చేతికి చుట్టుకున్నాడు. మాస్టారిని తెచ్చే అంబులెన్సు నాలుగు లోపల వస్తుందని, తాను ముందు సీటులో ఉంటానని మళ్ళీ ఫోను చేస్తే పెద్దమ్మ చెప్పింది.

నాలుగు కాకముందే ఒక తెల్లబండి వచ్చింది. సైరన్ లేదు. అద్దాల మీద ఎండ పడి లోపల ఎవరున్నారో కనిపించలేదు. మేం చేతులు జోడించాం. అది దాటిందో లేదో వెనక ఇంకోటి వచ్చింది, అచ్చం అలాంటిదే. దాని వెనక మరొకటి. ఇంజనీరు నంబర్లు చూడబోయి మానుకున్నాడు. ఏది మాస్టారిదో మాకు తెలియలేదు. అన్నిటికీ చేతులు జోడిస్తూ నిలబడ్డాం. దూరాన, రోడ్డు మలుపులో, ఇంకో బండి ఎండలో మెరుస్తూ తిరుగుతోంది.