పసుపు కింద మచ్చలు

ఇన్నేళ్లుగా ఒక ముసలావిడ పేరు నా గుండెల మీద బండలా ఉంది. సత్తెమ్మ. మా రాజోలులో పసిపిల్లలకి నలుగు పెట్టి నీళ్లు పోసేది. అదే ఆవిడ జీవనం. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

నా పాదాల మీద చిన్నప్పటి నుంచీ మచ్చలు. నల్లవీ తెల్లవీ కలగలిసి ఉంటాయి. పెళ్లిచూపుల నాడు మా అమ్మ దట్టంగా పసుపు రాసింది. ఆ తర్వాత నేను ఒక్క రోజూ మానలేదు. మా ఆయన ఉద్యోగం మస్కట్‌లో. రెండేళ్లకోసారి వచ్చే మనిషి నా పాదాలేం చూస్తారు?

తొంభైల్లో అమ్మాయి పుట్టింది. అప్పటి నుంచీ సత్తెమ్మే నీళ్లు పోసేది. రెండో ఏడు నిండేసరికి పిల్ల చేతుల మీద మచ్చలు తేలాయి. మరిగే నీళ్లు పోసి పిల్ల ఒళ్లు కాల్చేసిందని మా అత్తగారు సత్తెమ్మ మీద విరుచుకుపడ్డారు. వీధంతా నమ్మింది. నేను మాత్రం చూసిన క్షణంలోనే పోల్చుకున్నాను. అవి నావే. నోరు విప్పితే దాచి పెళ్లి చేశారని నన్ను పుట్టింటికి పంపేస్తారని భయం. భయమొక్కటేనా? తప్పు మోయడానికి ఇంకెవరో దొరికారని లోపల ఎక్కడో హాయిగా కూడా అనిపించలేదూ?

సత్తెమ్మ పెరటి గుమ్మం దగ్గరికొచ్చింది.

"మోచెయ్యి ముంచి చూసుకోకుండా ఏనాడూ పొయ్యలేదండీ. తవరెదురుగానే ఉన్నారు కదండీ. పెద్దమ్మగారితో ఒక్క మాట చెప్పండమ్మా."

"ఆవిడ అన్నాక నేనేం చెప్పను, సత్తెమ్మా?"

"ఆయ్," అని తలూపి వెళ్లిపోయింది. మళ్లీ ఏ ఇంటివాళ్లూ ఆవిణ్ణి పిలవలేదు. రొయ్యల షెడ్డులో, ఐసులో చేతులు పెట్టి తలలు తీసే పనికి కుదిరింది.

అమ్మాయి పదో తరగతిలో ఉండగా చర్మం డాక్టరుగారు మచ్చలు చూసి, మా ఇద్దరి రక్తం తీసి హైదరాబాదు పంపించారు. ఏడార్ అనే జన్యువులో తేడా ఉందని వచ్చింది. ఒంట్లో ఆర్ఎన్ఏ మోసుకెళ్లే సందేశంలో అక్షరాలు మార్చే పని దానిదట; అది తేడా చేస్తే ఇలాంటి మచ్చలు వస్తాయట. ఆ తేడా నాలోనూ ఉంది, నా నుంచే పిల్లకి వచ్చింది. సత్తెమ్మే కాల్చిందని వింటూ పెరిగిన అమ్మాయితో మాత్రం ఏమీ తేలలేదని చెప్పి, ఆ కాగితాలు చీరల కింద దాచేశాను.

అప్పటికి సత్తెమ్మ బతికే ఉంది. రెండు వీధుల అవతల. రేపు వెళ్దాం, ఎల్లుండి వెళ్దాం అనుకుంటూ ఏడాది గడిపేశాను. మొన్న పోయింది.

ఈ ఉదయం పసుపు రాసుకోలేదు. అమ్మాయి నా పాదాలు చూసింది. తన చేతులు చూసుకుంది.

"మరి సత్తెమ్మ?" అంది.

"సత్తెమ్మ కాదే," అన్నాను. వినాల్సిన మనిషి లేదు. అయినా ఆ మాట అన్నాను.