పైన తేరిన నీళ్లు

మంచి ఫలితం వస్తే నాకు ముందు అనుమానం వస్తుంది. ఆ బుద్ధి పుట్టుకతో వచ్చింది కాదు, నాచారంలో అంటుకుంది.

తెలంగాణ రాష్ట్రం రావడానికి కొన్నేళ్ల ముందు అక్కడ ఒక ప్రైవేటు టెస్టింగ్ ల్యాబులో పనిచేసేదాన్ని. ఒకరోజు టైటానియం డయాక్సైడ్ శాంపిల్ వచ్చింది. పెయింటుకు తెల్లదనం ఇచ్చే పౌడరే, కాకపోతే నానో రకం. మామూలు మైక్రోస్కోపుకు కూడా దొరకనంత సన్నం. ఊపిరితిత్తుల కణాలను ప్లేట్లలో పెంచి, ఈ పౌడరు కలిపిన ద్రవం వాటి మీద పోసి, ఒక రోజు తర్వాత ఎన్ని బతికాయో చూడాలి.

నాకది ఉత్త శాంపిల్ కాదు. మా అన్న చర్లపల్లిలో ఒక చిన్న పెయింట్ల కంపెనీలో ఇలాంటి పౌడరు బస్తాలే విప్పి మిక్సర్‌లో పోసేవాడు. ఆ పని చేస్తూనే నన్ను ఎమ్మెస్సీ చదివించాడు. పనిలో మాస్కు కట్టుకున్నా, సాయంత్రం ఉప్పల్‌లోని మా గదికి కనుబొమ్మలు తెల్లబడి వచ్చేవాడు. "చెల్లె, గీ పౌడర్ పీలిస్తే ఏమన్న అయితదా?" అని అడుగుతుండేవాడు.

మొదటి ఫలితం వచ్చిన రోజు ఆగలేక చెప్పేశాను.

"ఎక్కువ డోసుల గూడ కణాలన్నీ మంచిగున్నయన్నా. ఏం గాదు."

"బతికించినవ్ పో!" అన్నాడు.

తెల్లారి నుంచి నా పీకులాట మొదలైంది. పౌడరు వేయని ప్లేటుకీ, అంత పౌడరు వేసినదానికీ పిసరంత తేడా లేకపోవడమేంటి? డోసులు వేసేది మా టెక్నీషియన్ అక్క. అసలు వేసిందా, కూర్చున్నచోటే అంకెలు రాసేసిందా? మళ్లీ పరీక్ష పెట్టించి, పనేమీ లేకపోయినా ఆమె వెనకే తిరిగాను. ఆమె లేనప్పుడు నోటుబుక్కు కూడా తిరగేశాను.

ఆమె పసిగట్టింది. "ఏంది మేడమ్, నా ఎనుకనే తిరుగుతున్నరు? నేనేమన్న దొంగనా?"

"కాదక్కా, ఊరికే..."

"ఊరికె ఎట్లయితది? ముందుగాల మీరు కలిపిన గొట్టం సూడున్రి!"

చూశాను. పొద్దున నేను కలిపి ఇచ్చిన పౌడరంతా మధ్యాహ్నానికి గొట్టం అడుగున తెల్లగా పేరుకుంది. పైన తేటనీళ్లు. ఆమె ఎప్పట్లాగే పైనుంచి తీసి పోస్తోంది. మొదటిసారీ అలాగే పోసింది. మాకు వచ్చేవన్నీ కరిగే మందులే, గొట్టంలో ఎక్కడ తీసినా ఒకటే. ఇది కరగదని ఆమెకు చెప్పాల్సింది నేను. ఉత్త నీళ్లలో రేణువుల సైజు కొలిచి, ఎంత సన్నగా ఉన్నాయోనని మురిసిపోయాను. కణాలకు పెట్టే పోషక ద్రవంలో ఉండే ఉప్పు తగిలితే అవి ఒకదానికొకటి అంటుకుని ముద్దలు కడతాయి. అందులో కొలవలేదు. థూ, నా చదువు! తేటనీళ్లు పోస్తే కణాలు బతకక ఏం చేస్తాయి?

"తప్పు నాదేనక్కా," అన్నాను. ఆమె గొట్టం నా చేతిలో పెట్టి వెళ్లిపోయింది.

మూడోసారి పోషక ద్రవంలోనే కలిపి, ధ్వని తరంగాల మిషన్‌లో పెట్టి ముద్దలు విడగొట్టి, అప్పటికప్పుడే పోశాం. మర్నాడు ఎక్కువ డోసు ప్లేటులో కణాలు చాలావరకు ముడుచుకుపోయి ఉన్నాయి. పౌడరు తెలుపే, రంగును బట్టి బతికిన కణాలు లెక్కగట్టే మిషన్‌ను మోసం చేస్తోందేమోనని, కణాలు లేకుండా పౌడరొక్కటే పెట్టి కూడా చూశాను. మోసం లేదు.

ఆ సాయంత్రమే చర్లపల్లి వెళ్లాను. కంపెనీ గేటులోంచి అన్న వచ్చాడు, వెంట ఐదారుగురు. ఎవరి మూతికీ, మెడకీ మాస్కు లేదు.

"మాస్కేదన్నా?"

"ఏం గాదని నువ్వే జెప్తివి గద! అందరికి జెప్పిన. ఉక్కపోతకు సస్తున్నమని తీసేసినం."

జరిగిందంతా చెప్పాను. తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"మరి ఇన్ని దినాలు పీల్చింది?" అన్నాడు.

ప్లేటులో కణాలను ఒక్కరోజు చూసినదాన్ని. మనిషి ఛాతీలో ఏళ్ల సంగతి నాకేం తెలుసు?

"తెల్వదన్నా," అన్నాను.

"మొన్ననే గీ మాట జెప్తే అయిపోతుండె గద, చెల్లె," అన్నాడు అన్న.