నాలుగు బోల్టు గుంతల కోట

సిరిసిల్లలో రాజనర్సు ఇంటి ముందరి షెడ్డులో, సిమెంటు నేల మీద, నాలుగు గుంతలున్నాయి. ఒక్కోదానిలో పిడికిలి పడుతుంది. ఒకప్పుడు ఆ షెడ్డులో ఆరు సాంచలు ఆడేవి. సాంచలంటే కరెంటు మగ్గాలు. వాటి మోతలో మాట వినపడక ఆ వాడలో పెళ్లిళ్లు కూడా సైగలతోనే కుదిరేవని రాజనర్సు చెబుతాడు. నమ్మని వాళ్లకు, పిల్ల నచ్చిందనే సైగ ఏదో, నచ్చలేదనే సైగ ఏదో చేసి చూపిస్తాడు. ఒకటొకటిగా అయిదు సాంచలు పోయాయి, వాటి బోల్టుల గుంతలు పూడాయి. ఆఖరి దాని గుంతలు మాత్రం ఏడేళ్లుగా నోళ్లు తెరుచుకునే ఉన్నాయి.

బీడీల ఆకు చాటలో పెట్టుకుని నడిచే ఆయన భార్య వజ్రమ్మ నెలకొకసారైనా వాటిలో కాలు పెట్టి తూలేది.

"దోసెడు సిమెంటు దొరకదా ఈ ఊళ్లె? నా కాలిరిగినంక పూడుస్తవా?"

"రేపు పూడుస్త."

"ఏడేండ్ల సంది గదే రేపు."

ఎందుకు పూడ్చడో రాజనర్సు ఆమెకు చెప్పలేదు. ఆమెకు తెలుసు కాబట్టి ఆమె అడగలేదు.

బాబా మియా సాంచలు బాగుచేసే మేస్త్రీ. ఇరవై ఎనిమిదేళ్లు నూనె మరకల తోలు సంచి భుజాన వేసుకుని పొద్దున్నే ఆ షెడ్డుకొచ్చేవాడు. సాంచ విప్పితే ప్రతి ముక్క మీదా సుద్దతో ఏదో గీత గీసేవాడు. దిష్టి తగలకుండా గీస్తున్నాడని రాజనర్సు అనుకునేవాడు. ఒక్కటే సాంచ మిగిలినప్పుడు బాబా మియా ఒకే కోరిక కోరాడు. "దీన్ని ఉంచు నర్సూ. నేసినా ఉంచు, నెయ్యకున్నా ఉంచు." రాజనర్సు తలూపాడు. ఆ వారమే బాబా మియా పెళ్లికని కోరుట్లలోని కూతురింటికి వెళ్లాడు. ఆ వారమే పాత ఇనుము కొనేవాళ్ల బండి వాడలోకి వచ్చింది. అందరూ అమ్ముతున్నారు, రాజనర్సూ అమ్మాడు.

తిరిగొచ్చిన బాబా మియా గడపలో నిలబడి గుంతలు చూశాడు. తిట్టలేదు. తిట్టి ఉంటే రాజనర్సు ఎదురు తిట్టేవాడు, సాయంత్రానికి ఇద్దరూ చాయ్ తాగేవాళ్లు. సంచి సర్దుకుని మళ్లీ కోరుట్ల బస్సెక్కాడు. ఇక రాలేదు.

రాజనర్సు ఇప్పుడు వేరేవాళ్ల కార్ఖానాలో గుడ్డ మడతపెట్టే పని చేస్తున్నాడు. పని నుంచి వచ్చాక ఆ గుంతల పక్కనే పీట వేసుకుని కూర్చుంటాడు. గడపలో ఏ నీడ పడినా తలెత్తుతాడు.

ఒక బుధవారం ఆ గడపలో పడిన నీడ మజర్‌ది. మజర్ బాబా మియాకు మేనల్లుడు, సిరిసిల్లలోనే బట్టలు కుడతాడు. చేతిలో ఒక పక్క దారంతో కుట్టిన కాగితాల కట్ట ఉంది.

"కాకా, మా మామూ మనుమరాలు కహకషాన్ పంపింది. కోరుట్లల బడి పిల్లలకు సైన్సు చెప్తది, ఖాళీ దొరికితె జపానోళ్ల తీరుగ బొమ్మల కథ గీస్తది. మాంగా అంటరు. కరెంటు పోయిన లోకం, ఇనుము తినే పురుగుల దండు, ఒక కోట. బొమ్మలైతె గీసింది, మాటలకు జాగ ఖాళీ ఇడిసింది. నిన్ను రాయుమన్నది."

"ఏడో తరగతి చదివినోన్ని, నేనేం రాస్త?"

"సాంచల కాడ మాట్లాడే మాటలు గావాలెనట. మామూని అడిగితె, 'గవి నర్సుకే ఎర్క, అబద్ధాలు గూడ వానికే మంచిగస్తయ్' అన్నడట."

రాజనర్సు ఆ మాటను రెండుసార్లు చెప్పించుకున్నాడు.

"ఇంకేమన్నడు?"

"గంతే కాకా. ఐతారం అచ్చి తీస్కపోత."

మజర్ వెళ్లగానే రాజనర్సు కట్ట తెరిచాడు. మొదటి బొమ్మ చూసి పీట మీంచి లేచాడు. అది తన షెడ్డే. కానీ ఎంత షెడ్డు! గుడ్డను గంజిలో ముంచి నలభై మడతలు వేసి ఎండబెట్టిన గోడలు, ఇటుకకంటే గట్టివి. కప్పు మీద నుంచి గంజి పూసిన పోగులు వల మాదిరి సాగి ఉన్నాయి, వాలిన పురుగు వాలినచోటే అతుక్కోవాలి. ప్రతి కిటికీలో ఒక సాంచ బయటికి మొహం పెట్టి ఉంది, పోగును అటూ ఇటూ మోసే కొయ్య నాడెలను బాణాల్లా విసరడానికి. అన్నిటినీ తిప్పడానికి మానేరు వాగు నీళ్ల మీద ఒక పెద్ద చక్రం. గోడ మీద పక్కపక్కనే ఇద్దరు ముసలివాళ్లు. ఒకడికి తన మీసం. ఇంకొకడి భుజాన తోలు సంచి. దూరంగా మబ్బులా పురుగుల దండు. ప్రతి కాగితం మూలన పెన్సిలుతో చీమంత గీతలున్నాయి. అవీ పురుగులేననుకున్నాడు.

పేజీలు తిప్పుతున్న కొద్దీ ఆయన మొహం మారింది. కోట విడిపోతోంది. గోడల మడతలు ఊడిపోయాయి. పోగులు తిరిగి కండెల్లోకి వెళ్లాయి. ఇద్దరూ కలిసి సాంచల బోల్టులు తిప్పుతున్నారు. తర్వాత సంచి మనిషి గడపలో ఒక్కడే నిలబడ్డాడు. ఆఖరి కాగితంలో ఉత్త నేల, నాలుగు గుంతలు, వాటి ముందు తలవంచుకున్న మీసం మనిషి. వాడి నెత్తి మీద మాటల కోసం పెద్ద ఖాళీ.

"చూడు, ఏడేండ్లు మాట్లాడకుంట ఉండి, ఇప్పుడు మనుమరాలితోని గీపిచ్చి పంపిండు," అన్నాడు రాజనర్సు.

వజ్రమ్మ బీడీకి దారం చుడుతూనే ఉంది. "నిన్ను ఏడిపియ్యనీకి గిన్ని కాయితాలు గావాల్నా ఆయనకు? గడపల నిలబడి ఒక్కసారి చూస్తె సాలదా?"

రాయనని అనుకున్నాడు. కానీ బాబా మియా తన పేరు ఎత్తాడన్న మాట ఆయన్ను నిలవనీయలేదు. మూడు రోజులు పని నుంచి వచ్చి రాశాడు. గోడ మీది ఇద్దరితో, "పురుగులు మర్లిపోయినయి, ఇగ కోట ఎందుకు" అనిపించాడు. బోల్టుల దగ్గర, "మెల్లగ తియ్యి, ముసలిదైంది, నొప్పిపుడ్తది" అని రాశాడు. గడపలో సంచి మనిషికి, "పోతున్న నర్సూ, ఇగ రాను" అని రాశాడు. ఆఖరి ఖాళీ శనివారం దాకా అట్లాగే ఉంది. దాన్ని నింపాక కట్ట మూసి మళ్లీ చూడలేదు.

ఆదివారం మజర్ వచ్చాడు. చాయ్ తాగుతూ కట్టను వెనక వైపు నుంచి తెరిచి, పైకి చదివాడు.

"'నేనే అమ్మిన. నీకు చెప్పకుంట అమ్మిన. నువ్వుంటె అమ్మనియ్యవని, నువ్వు లేనప్పుడు అమ్మిన. తప్పైంది బాబా భాయ్.'" మజర్ గొంతు తగ్గించి, "మొదలు మంచిగ పడ్డది కాకా," అన్నాడు.

"మొదలేంది? గది ఆఖరు."

మజర్ ఇంకో కాగితం తిప్పాడు. "గీడ జెరంత గడబిడున్నది. అచ్చెటోడు 'పోతున్న, ఇగ రాను' అంటడేంది?"

"అచ్చెటోడెవడు? వాడు పోతున్నడు."

మజర్ గ్లాసు కింద పెట్టాడు. "కాకా, నువ్వు ఎడమ దిక్కు నుంచి చదివినవా? గిది కుడి నుంచి. జపానోళ్లు గట్లనే చదువుతరు, మా ఉర్దూ గూడ గట్లనే. చెప్పాల్నని నాకు తోచనే లేదు. మూలకు నంబర్లున్నయి గద, మామూ సొంతంగ ఏసిండు."

"గవి పురుగులు గావా?"

"ఉర్దూ అంకెలు. గిది ఒకటి. గిది రెండు."

రాజనర్సు ఆ గీతలను దగ్గరగా చూశాడు. సాంచల ముక్కల మీద ఇరవై ఎనిమిదేళ్లు సుద్దతో పడ్డ గీతలవి. దిష్టి కోసం కాదు. విప్పినదాన్ని మళ్లీ ఏ వరుసలో బిగించాలో మరిచిపోకుండా వేసుకున్న లెక్క.

కట్టను మోకాళ్ల మీద పెట్టుకుని ఈసారి కుడి నుంచి మొదలుపెట్టాడు. ఉత్త నేల, నాలుగు గుంతలు, తలవంచుకున్న మనిషి. గడపలోకి వచ్చి నిలబడ్డ సంచి మనిషి. ఇద్దరూ వంగి బోల్టులు బిగిస్తున్నారు. ఒక సాంచ, రెండు, ఆరు. పోగులు కప్పెక్కుతున్నాయి, గుడ్డ గంజిలో మునుగుతోంది, గోడ లేస్తోంది. ఆఖరున గోడ మీద ఇద్దరూ పక్కపక్కనే నిలబడి, రాబోయే దండు కోసం చూస్తున్నారు.

"గిప్పుడియ్యను," అన్నాడు మజర్‌తో. "రేపు నేనే తీస్కపోత."

ఆ పూట వజ్రమ్మ గంజి కాచింది. తెల్లకాగితం పట్టీలుగా కత్తిరించి, తప్పు మాటల మీద అంటించి, కొత్తవి రాశాడు. గడపలోని మనిషికి "సంచి తెచ్చిన, సుద్ద ఉన్నదా?" అని. బోల్టుల దగ్గర "గట్టిగ తిప్పు, ముసలిదైనా ఓర్సుకుంటది" అని. మొదటి కాగితం జోలికి పోలేదు. గోడ మీది బొమ్మలో పట్టీ అంటించాడు కానీ ఏమీ రాయలేదు.

"రెండు పట్టీలు నేను గూడ అంటిచ్చిన్నని చెప్పు ఆయనకు," అంది వజ్రమ్మ.

సోమవారం జగిత్యాలలో బస్సు మారి, పన్నెండు దాటాక కోరుట్లలో దిగాడు. బాబా మియా అరుగు మీద ఎవరిదో కుట్టు మిషను విప్పి కూర్చున్నాడు. గడ్డం పూర్తిగా నెరిసింది. తలెత్తి చూశాడు, మళ్లీ మిషను చూశాడు, చేతుల నూనె తుడుచుకుని చెయ్యి చాపాడు. రాజనర్సు కట్ట ఇచ్చాడు.

మొదటి కాగితం దగ్గర బాబా మియా చాలాసేపు ఆగాడు. రాజనర్సు తన చెప్పుల వైపు చూస్తూ నిలబడ్డాడు. తర్వాత కాగితాలు ఒకటొకటిగా తిరిగాయి. ఆఖరి దాని మీద వేలు ఆగింది.

"గిది ఖాళీ ఎందుకిడిసినవ్?"

"గది నీ మాట."

"నా మాట ఎప్పుడు ఇన్నవ్ గనుక."

బాబా మియా జరిగి అరుగు మీద చోటిచ్చాడు. రాజనర్సు కూర్చున్నాక అడిగాడు.

"ఆ గుంతలు పూడ్చినవా?"

"పూడ్వలేదు."

"నాలుగూ?"

"నాలుగూ."

బాబా మియా చెవి మీది పెన్సిలు తీసి, మొన చూసుకుని, ఖాళీ పట్టీ మీదికి వంగాడు.