అన్నది లక్ష, ఆయనది ఐదు వేలు

“మా అన్నకున్న గుండె నీకు లేదయ్యా. ఆయన లక్ష పెట్టిండు. నువ్వు ఐదు వేలు.”

“పైసలే గుండెనా?”

“మరేంది?”

“సరే, నీ లెక్కనే కానియ్యి.”

మా ఆయనకూ నాకూ మధ్య చివరి మాటలు ఇవే. చాటుగా అన్నా బాగుండేది. మా అన్న ముందర, రేగుంట నుంచి వచ్చినతని ముందర అన్నాను. ఆ రేగుంట అతను కూలి చేసుకునే మనిషి, కొత్తగా పిండిగిర్ని పెట్టుకుంటున్నాడు. మా ఆయన అందులో వాటా కలిశాడు. వాటా అంటే అప్పు కాదు. గిర్ని నడిస్తే లాభంలో పాలు, మునిగితే పోయినట్టే. మాది సిరోంచ, మా అన్నది ప్రాణహిత అవతలి ఊరు. ఆ పొద్దున పడవలో నది దాటి వచ్చి, తానూ ఒక గిర్నికి లక్ష పెట్టానని చెప్పాడు. మా ఒడ్డు మనుషుల ధైర్యం మీ సిరోంచ వాళ్లకెక్కడిదని నవ్వాడు. నేనూ నవ్వాను.

మా ఆయన చాయ్ ముట్టలేదు. సైకిల్ తీసుకుని అతని వెంట రేగుంట పోయాడు. పగటిపూట గిర్ని రాయి ఎత్తబోయి అక్కడే కూలిపోయాడట. ట్రాక్టర్‌లో శవాన్ని తెచ్చారు.

ఆరేడేళ్లయింది. మొన్న మా అన్న బిడ్డ వచ్చింది. నేను చెబుతుంటే ఇది రాస్తున్నది ఆమే. అన్నం తింటూ, హైదరాబాద్‌లో ఏం కొలువు చేస్తున్నావని అడిగాను. మునిగినా సరే అని కొత్త వ్యాపారాలకు ఏ దేశంలో ఎంత పెట్టుబడి పెడుతున్నారో పోల్చి చూస్తారట. అదేం పని, ఎవరిది ఎక్కువుంటే వాళ్లే గొప్ప కదా అన్నాను. అట్లా కాదంది. ఒక దేశం వాళ్లు నడుస్తున్న పాత కంపెనీని కొన్న పైసలూ కలిపి చెబుతారట. ఇంకో దేశం వాళ్లు కొత్తదానికి ఇచ్చిందే చెబుతారట. ఆ రెండూ పక్కపక్కన పెడితే అబద్ధమే వస్తుందట.

“ఉత్తగ ఎంత పెట్టిండ్రని చూడొద్దత్తా. ఉన్నదాంట్ల ఎంత పెట్టిండ్రో గది చూడాలె.”

ముద్ద కంచంలో పెట్టి, ఆనాటి లెక్క మళ్లీ వేసుకున్నాను.

మా అన్న కొన్నది ఎప్పటి నుంచో నడుస్తున్న గిర్ని. అందులో సగం బ్యాంకు పైసలు. మా ఆయనకు ఉన్నది రెండెకరాల మడి. ఐదు వేలు కాక, గిర్ని నిలబడేదాకా తినాలని ఆ రేగుంట అతని ఇంటికి తిండివడ్లు పంపాడు. ఎండాకాలమంతా పోయి షెడ్డు గోడలు పెట్టాడు. మా దిక్కున వాటాదారుకిచ్చిన వడ్లు, చేసిన కష్టం నలుగురిలో చెప్పుకోరు. చెబితే అవతలి మనిషి తల దించుకోవాలి. రొక్కమే చెబుతారు. అతను ఎదురుగా కూర్చున్నాడు కాబట్టే మా ఆయన ఆ వడ్ల మాట ఎత్తలేదు.

చదువు లేక తెలియలేదని చెప్పుకుందామంటే, ఆ వడ్లు కుంచంతో కొలిచి బస్తాల్లో పోసింది నేనే. అన్న కొన్నది పాత గిర్ని అనీ తెలుసు. పుట్టింటివాళ్లు పెద్దగా కనబడాలని, తెలియనట్టు ఉన్నాను. పోయేముందు మొగన్ని పరాయివాళ్ల ముందర చిన్న చేశాను. ఆ సిగ్గుకు ఇన్నేళ్లు ఎవరికీ చెప్పలేదు.

మీ నాయన మాట రాంగనే కలం ఆపినవు, బిడ్డా. ఆయన గొప్పలు ఆయన చెప్పుకున్నడు, మాట అన్నది నేను. నన్ను మంచిదాన్ని చేసి రాయలేదు కద? జర చదువు, వింట.