కిందికి నడిచిన లంక

మొన్న మా మనవరాలు భవానీపురంలో మా ఇంటికి వచ్చి, బడిలో ఇచ్చిన పని కోసమని జిల్లా పటం ఒకటి నేల మీద పరిచి, కృష్ణలో ఉన్న లంకలన్నిటికీ ఆకుపచ్చ రంగు వేస్తూ కూర్చుంది. నేను కళ్లజోడు పెట్టుకుని ఆ పిల్ల పక్కన చతికిలబడి, బెజవాడ దగ్గర మొదలుపెట్టి నది వెంట వేలు జరుపుకుంటూ సముద్రం దాకా రెండుసార్లు వెళ్లాను. నేను వెతికిన లంక లేదు. అది ఉండవలసిన చోట నీలిరంగు ఉంది. పటం అచ్చువేసినవాళ్ల మీద కోపం వచ్చిందని చెబితే మనవరాలు నవ్వింది గాని, ఏటి ఒడ్డున పుట్టి పెరిగిన నా ఈడువాళ్లు నవ్వరని నాకు తెలుసు.

యుద్ధం ఇంకా నడుస్తూ, కిరసనాయిలుకు కటకటలాడే ఆ నలభైల్లో, ఇరవయ్యేళ్ల వయసులో నేను ఆ లంకలోని ఏకోపాధ్యాయ పాఠశాలకు పంతులుగా వెళ్లాను. మాది వన్‌టౌన్‌లో చీరల కొట్టు. కొట్టు అన్నయ్యకు, ఉద్యోగం నాకు అని నాన్న తేల్చేశారు. "బేరానికి మంచి నోరు కావాలిరా, నీ నోరు తగువులకే పనికొస్తుంది" అని అన్నయ్య చుట్టాలందరి ముందూ అన్నాడు. అన్నయ్య పోయి పాతికేళ్లయింది. ఆ మాట మాత్రం పోలేదు.

బస్సు దిగి, కరకట్ట మీద నడిచి, ఇసుకలో నడిచి, పడవెక్కితే వచ్చేది లంక. ముప్పై గడపలు, అన్నీ తాటాకు ఇళ్లే, చుట్టూ రెల్లు, పసుపు చేలు, దోసపాదులు. లంకకు పెద్దగా అందరూ చూసుకునే ఒక ముసలాయన సాయంత్రాలు బడి అరుగు మీద కూర్చుని దాని పుట్టుక చెప్పేవాడు. ఆయన ముత్తాత కాలంలో వరదకు కొట్టుకొచ్చిన ఒక చెట్టు ఏటి నడుమ అడ్డంపడి, దానికి ఇసుక పట్టి, ఇసుక మీద రెల్లు మొలిచి, రెల్లు కోసం గొడ్లు ఈదుకొచ్చి, గొడ్ల వెంట మనుషులు వచ్చారట. ఏటా వరదకు లంక తల కోసుకుపోయేది, తోక దగ్గర కొత్త ఒండ్రు పడేది. అంటే లంక ఏడాదికి కొంత చొప్పున సముద్రం వైపు నడుస్తూ ఉండేదన్నమాట, దానితోపాటు ఇళ్లూ వెనక్కి జరుగుతూ ఉండేవి. తాను పుట్టిన ఇల్లు ఎక్కడుండేదో చూపించమంటే ఆయన నీళ్ల నడుమకు చెయ్యి చూపించేవాడు.

నేను మొదటి వేసవి సెలవులకు ఇంటికి పోకుండా, లంక చుట్టూ అడుగులు లెక్కపెట్టుకుంటూ తిరిగి దానికి ఒక పటం గీశాను. అది చూసి ముసలాయన "మీరు గీత గీస్తే ఏరు ఆగుద్దా పంతులుగారూ?" అన్నాడు. అరుగు మీద ఉన్నవాళ్లంతా నవ్వారు. పటం చుట్టచుట్టి పెట్టెలో పెట్టేశాను.

నేనుండే గది ఒక విధవరాలి ఇంట్లోది. ఆవిడను పెద్దమ్మా అని పిలిచేవాణ్ణి. అన్నం పెట్టేది, దీపం తుడిచి ఇచ్చేది, తన పనిలో తానుండేది. ఆ లంకలో నన్ను పేరుపెట్టి పిలిచినవాళ్లు లేరు, పంతులుగారనడమే. పెళ్లిళ్లకు పిలిచి, చాప వేసి, ఒక్కణ్ణే వేరుగా కూర్చోబెట్టేవారు. అది మర్యాదని వాళ్లనుకున్నారు. ఆదివారాలు రేవులో కూర్చుంటే అవతలి ఒడ్డున బండ్లు పోవడం కనిపించేది గాని చప్పుడు వినిపించేది కాదు. ఇంటినుంచి ఉత్తరం వస్తుందేమోనని చూసేవాణ్ణి.

రెండో ఏడు పెద్ద వరద వచ్చింది. ముందుగానే ఒడ్డుకు దిగబెడతామన్నా నేను వెళ్లలేదు. లంక నడుమ ఉన్న దిబ్బ మీద మనుషులం, గొడ్లు కలిసి తొమ్మిది రోజులున్నాం. పిల్లల్ని భుజాన వేసుకుని నడుములోతు నీళ్లలో దాటించాను, అందరితోపాటు గంజి తాగాను, ఆవుల మధ్య పడుకున్నాను. ఆ తొమ్మిది రోజులూ నాకు ఒంటరితనం తెలియలేదు. వరదలో ఉన్నవాడు లంకవాడేనని పెద్దమ్మ ఎవరితోనో అనగా విన్నాను.

వరద తీశాక, ఒండ్రు ఆరి కాలు దిగబడని రోజు చూసి, తోక దగ్గర పడ్డ కొత్త నేలను తాడుతో కొలిచి పంచుకోవడం అక్కడి ఆచారం. తాడు నేల మీద ఉన్నంతసేపూ ఎవరూ పెదవి విప్పకూడదు, విప్పితే ఏరు విని ఇచ్చినదాన్ని వెనక్కి తీసుకుంటుందని వాళ్ల నమ్మకం. ముసలాయన తాడు జరిపి, పుల్ల పాతి, ఒకరివైపు చూసేవాడు. ఆ చూపు అందినవాడు వెళ్లి తన పుల్ల పక్కన నిలబడేవాడు. నాకు దున్నడం రాదు, నేల నాకు అక్కర్లేదు. ఆయన ఒక్కసారి నావైపు చూస్తే చాలు, నేనూ ఆ లంకవాణ్ణవుతాను. ఎండలో నిలబడి పుల్లలు లెక్కపెట్టాను. ముప్పయ్యోది పడవ నడిపే అతనిది, నాకంటే ఒక్క ఏడు ముందు వచ్చినవాడు. అది పాతి ముసలాయన నడుము పట్టుకుని నిటారుగా నిలబడ్డాడు, తాడు చేతికి చుట్టుకోసాగాడు. నేను వెనుదిరిగి వచ్చేశాను. వెనకనుంచి ఎవరూ పిలవలేదు.

ఆ వారమంతా ఎవరితోనూ మాట్లాడలేదు. పెట్టెలోంచి పటం తీసి, తోక దగ్గర కొత్తగా పడి ఏ దస్తరంలోనూ ఎక్కని నేలను అందులో చేర్చి, పైవాళ్లకు అర్జీ పెట్టాను. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు, ఈనాటికీ అదే చెబుతాను. చలికాలంలో రెవెన్యూవాళ్లు కొలత గొలుసులతో వచ్చి, నా పటాన్నే నేల మీద పరిచి, కొలిచి, కొత్త ఒండ్రంతా సర్కారుదని రాసుకున్నారు. దాన్ని వేలంలో ఒడ్డునున్న పెద్దరైతు పాడుకున్నాడు. అప్పటికే లంకవాళ్లు పెట్టిన దోసపాదులను వాళ్ల కళ్ల ముందే అతని మనుషులు దున్నేశారు. నా చేతిరాత గుర్తుపట్టి కూడా ముసలాయన నన్నొక్క మాట అనలేదు. మర్నాడు పిల్లల్ని మామూలుగానే బడికి పంపారు. తిట్టి ఉంటే నాకు తేలికగా ఉండేది.

బదిలీ అడిగాను, వచ్చింది. వెళ్లేరోజు పెద్దమ్మ ఒక్కతే రేవు దాకా వచ్చింది.

"ఆ రోజు అంత విసురుగా పోయారేంటి? నీళ్ల పక్కన ఇచ్చారని చిన్నతనమనిపించిందా?" అంది.

ఏమిచ్చారని అడిగాను.

"ముప్పై ఒకటో పుల్ల. కొత్తగా వచ్చినోళ్లది ఆఖర్నే, నీళ్ల పక్కనే వస్తది. ఆయన నడుం నొప్పికి కాసేపు ఆగి, మళ్లీ తాడేశాడు. బడికని పాతాడు. బడంటే ఎవరండీ, మీరేగా. చూస్తే మీరు లేరు. పుల్ల ఒంటరిగా ఉండకూడదని నేనెళ్లి నిలబడ్డా."

"అప్పుడే ఎందుకు చెప్పలేదు పెద్దమ్మా?"

"తాడు చుట్టేదాకా మాట్లాడకూడదు. చుట్టాక మీరెవరితో మాట్లాడారు గనక?"

పడవ కదిలింది. పడవ నడిపే అతను తెడ్డు వేస్తున్నంతసేపూ నావైపు చూడలేదు.

తోక చేజారాక, తల వైపు కోసుకుపోయిన ఇళ్లకు వెనక్కి జరగడానికి చోటు లేకపోయింది. ఒక్కొక్క గడపే ఒడ్డుకు చేరిందని, తరువాత ఎవరెక్కడ ఉన్నారో తెలియదని కొన్నేళ్లకు విన్నాను. నేను రాయకపోయినా ఆ గొలుసు ఎప్పుడో ఒకప్పుడు వచ్చేదేనని నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. ముసలాయన ఒక్క క్షణం ముందు నావైపు చూసి ఉంటే ఇదంతా జరిగేది కాదని కూడా అనుకుంటాను. ఈ రెండు మాటల్లో ఏదీ నన్ను నిద్రపోనివ్వదు.

ఇప్పుడు ఎగువన ఆనకట్టలు వచ్చాయి, నీళ్లు ఎప్పుడొదులుతారో రేడియోలో చెబుతారు, లంకలు మునుపటిలా నడవవు. నేల కొలిచేచోట నిశ్శబ్దమన్నదే లేదు, అంతా అరుపులే. నేనూ అరిచినవాణ్ణే. ఈ ఇంటిస్థలం కోసం పక్కవాడితో కోర్టుకెక్కాను, నాన్న కొట్టులో నా భాగం కోసం అన్నయ్యతో పదేళ్లు మాటలు మానేశాను, గెలిచాను కూడా. నాలుగు హద్దులూ నా పేరునే ఉన్నాయి. వీటిలో అడగకుండా నాకు వచ్చింది ఒక్కటీ లేదు. అడగకుండా ఎవరైనా నాకోసం చోటు కొలిచింది, ఇన్నేళ్లలో ఆ ఒక్కసారే. అప్పుడు నేనక్కడ లేను.