కొలిమిలో వెయ్యని బిళ్ళలు

మా బాబాయి పని కరిగించడం. వెండి కొట్టు వెనకగదిలో కొలిమి ముందు కూర్చుని, జనం అమ్మేసిన పాత వెండిని మట్టి మూసలో వేసి, నీళ్ళలా చేసి, కడ్డీలు పోసేవాడు. సొట్టపడ్డ గిన్నెలు, తెగిన గొలుసులు, ఎవరి పిల్లలో ఆడుకున్న గిలక్కాయలు, ఏవైనా సరే ఆ మూసలో పడ్డాక అన్నీ ఒకటే. జాలీ దయా లేని పని అనేది మా పిన్ని, అంటే బాబాయి భార్య.

అలాంటి మనిషికి ఒక్కటి మాత్రం కొలిమిలో వెయ్యడానికి చెయ్యి వచ్చేది కాదు. పాత వెండిలో అప్పుడప్పుడు కొన్ని నాణేలు కలిసి వచ్చేవి. ఒకవైపు ఎవరో రాజుగారి తల అలాగే ఉండేది. రెండోవైపు ఆకురాయితో నున్నగా అరగదీసి, ఎవరో ఎవరికోసమో ఏదో చెక్కి ఉండేవారు. ఒకదాని మీద పెనవేసుకున్న రెండు అక్షరాలు, ఒకదాని మీద పిట్ట, ఇంకోదాని మీద ‘మరిచిపోకు’ అన్న మాట. మా ముత్తాతల కాలం నాటివి. ఓడెక్కబోతూనో, సైన్యంలో చేరబోతూనో, ఇవ్వడానికి ఇంకేమీ లేనివాళ్ళు జేబులో ఉన్న నాణేన్నే గుర్తుగా మార్చి మనసైన మనిషి చేతిలో పెట్టి వెళ్ళినవి. బాబాయి వాటిని గుర్తు బిళ్ళలు అనేవాడు. ‘దీని ఖరీదు నా జీతంలో పట్టుకోండి’ అని యజమానికి చెప్పి ఇంటికి తెచ్చుకునేవాడు.

మేం మేడ మీద, వాళ్ళు కింద ఉండేవాళ్ళం. ఆదివారం మధ్యాహ్నం మంచం మీద పాత దుప్పటి పరిచి బాబాయి బిళ్ళలన్నీ పోసేవాడు. మెత్తటి గుడ్డతో ఒక్కొక్కటే తుడుస్తూ కథలు చెప్పేవాడు. అన్నీ కోతలే. ‘ఈ పిట్ట చెక్కినవాడికి నత్తి. నోటితో చెప్పలేక పిట్టతో చెప్పించాడు’ అనేవాడు. ‘నీకెలా తెలుసు బాబాయ్?’ అంటే ‘పిట్ట నోరు తెరిచి ఉంది చూడు’ అని దబాయించేవాడు. కిటికీలోంచి ఎండ పడి, ఆ దుప్పటి మీద వెండంతా మెరిసేది.

పిన్నికి మాత్రం ఆ బిళ్ళలంటే ఒళ్ళుమంట. ‘ఊళ్ళో వాళ్ళ ప్రేమలన్నీ మన బీరువాలోనే కాపురం పెట్టాయి’ అని సాధించేది. అసలు బాధ అది కాదని నాకు ఒకరోజు తెలిసింది. బాబాయి బిళ్ళలు తుడుస్తుంటే గుమ్మంలో నిలబడి, నవ్వుతూ మొదలుపెట్టి నవ్వకుండా ముగించింది.

‘ఎవరెవరో ఎవరెవరికో ఇచ్చుకున్నవి ఇన్ని దాచారే. నాకంటూ ఒక్కటి చెక్కాలని ఎప్పుడైనా అనిపించిందా మీకు?’

‘నేను కరిగించేవాణ్ణే, చెక్కేవాణ్ణా?’ అన్నాడు బాబాయి.

‘వీళ్ళందరూ చెక్కేవాళ్ళేనా మరి?’ అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ పూట గిన్నెలు మామూలుకన్నా గట్టిగా మోగాయి.

బాబాయి చేసిన తెలివితక్కువ పని ఆ తర్వాతది. కొట్టులో పేర్లు చెక్కే పనివాడిని బతిమాలి, ఒక నాణెం మీద పిన్ని పేరు, చుట్టూ పూలతీగ పెట్టించి తెచ్చాడు. కళ్ళు చెదిరేలా ఉంది. పిన్ని దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, తిరిగి ఆయన అరచేతిలో పెట్టేసింది.

‘చాలా బాగుంది. అందుకే వద్దు. మీ చెయ్యి ఇంత చక్కగా తిరగదు.’

బాబాయి మొహం మాడిపోయింది. మర్నాడే దాన్ని మూసలో పడేశాడు. ఆయన కరిగించిన గుర్తు బిళ్ళ అదొక్కటే. దాని సంగతి ఇద్దరూ మళ్ళీ ఎత్తలేదు. పిన్ని అడగడం కూడా మానేసింది. అడిగినన్నాళ్ళూ నాకు నవ్వొచ్చేది గానీ, మానేశాక చూస్తే బాధేసింది.

ఏళ్ళ తరబడి కొలిమి ముందు కూర్చున్న కళ్ళు చివరికి ఎదురు తిరిగాయి. ముందు దీపాల చుట్టూ వలయాలు కనబడుతున్నాయన్నాడు, తర్వాత మనుషుల మొహాలు మసకబారాయన్నాడు. ఆపరేషన్ చేసిన కన్ను బాగుపడలేదు. రెండో కంటికి భరోసా ఇవ్వలేనన్నాడు డాక్టరు. కొట్టు యజమాని మర్యాదగానే ఇంటికి పంపేశాడు.

ఇంటికి వచ్చిన వారానికి, పొద్దున్నే పెరటి మెట్ల మీద ఎండలో కూర్చుని నాణెం అరగదీయడం మొదలుపెట్టాడు. నేనప్పుడు కాలేజీలో చదువుతున్నాను. కిందికి దిగి చూద్దును కదా, బిళ్ళని ముక్కుకి ఆనించినంత దగ్గరగా పెట్టుకుని ఉలితో గీకుతున్నాడు. వేళ్ళకి గుడ్డపీలికలు చుట్టుకున్నాడు. ఆ గరగర వంటింట్లోకి వినబడకుండా ఉండే ప్రసక్తే లేదు. పిన్ని వినబడనట్టే తన పని చేసుకుంటోంది.

‘మన అక్షరాలన్నీ గుండ్రాలేనే. ఉలేమో తిన్నగా పోతానంటుంది. ఇంత చూపు ఉండగానే అయిపోవాలి ఇది’ అన్నాడు.

తొంగి చూశాను. ముందుగా ‘ఇ’ని ఆశకొద్దీ పెద్దగా చెక్కేశాడు. దాంతో ‘ది’కి చోటు తగ్గింది. ‘గో’ పాపం అంచుకి అతుక్కుని, ఎక్కడ జారిపడతానో అన్నట్టుంది. ఇదిగో. పిన్నిని ఆయన పిలిచే పిలుపది. పెళ్ళయిన నాటి నుంచీ అంతే.

‘పేరు చెక్కొచ్చుగా బాబాయ్?’

‘నేనెప్పుడైనా పేరు పెట్టి పిలిచానుటే? ఆ పేరు చెక్కితే పక్కింటావిడకి ఇచ్చినట్టుంటుంది.’

అది పూర్తయిన రోజు పిన్ని పెరట్లో బట్టలు ఆరేస్తోంది. బాబాయి తడుముకుంటూ వెళ్ళి చెయ్యి చాపాడు.

‘ఇదిగో.’

‘ఏమిటండీ?’

‘ఇదిగో అంటే ఇదిగోనే. పట్టుకో.’

పిన్ని చేతులు తుడుచుకుని అందుకుంది. చదివింది. బొటనవేలితో ఒక్కొక్క అక్షరమూ తడిమింది.

‘అక్షరాలు తాగి తూలుతున్నట్టున్నాయి’ అంది.

‘బాగోలేదా? వద్దా?’ బాబాయి గొంతులో భయం నేను మెట్ల మీంచి విన్నాను. ఆమె మొహం ఆయనకి సరిగ్గా కనబడటం లేదు మరి.

‘ఇస్తే గదా వద్దనడానికి! ఇంకా అలా పట్టుకునే ఉన్నారేం, వదలండి’ అంది. నిజమే, సగం బిళ్ళ ఇంకా ఆయన వేళ్ళ మధ్యే ఉంది. ఆయన వదిలాడు. పిన్ని తాడు వైపు తిరిగి, అప్పటికే ఆరేసిన బట్టలని మళ్ళీ తీసి మళ్ళీ ఆరేసింది. సాయంత్రానికి బిళ్ళ ఆమె మెళ్ళో దారానికి వేలాడుతోంది.

రెండో కన్ను కూడా పోయాక బాబాయి రోజుకి లెక్కలేనన్ని సార్లు పిలిచేవాడు. ఇదిగో, నా చొక్కా ఏది? ఇదిగో, ఎవరొచ్చారు? పిన్ని విసుక్కుంటూనే పలికేది. మా మేడ దాకా వినబడేవి ఆ పిలుపూ, ఆ పలుకూ. నేనెప్పుడూ వాటిని చెవిన పెట్టి వినలేదు. రోజూ ఉండేవాటిని ఎవరు వింటారు?

బాబాయి పోయి ఇప్పటికి చాలా కాలమైంది. బిళ్ళల పెట్టె పిన్ని నాకిచ్చేసింది. మెళ్ళోది మాత్రం ఇవ్వలేదు, నేనూ అడగలేదు. మొన్న చూడటానికి వెళితే నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, మెళ్ళోంచి దారం తీసి నా చేతిలో పెట్టింది. అక్షరాలు బాగా అరిగిపోయాయి. ‘గో’ ఉందంటే ఉంది, లేదంటే లేదు.

‘ఏం రాసుందో చదవ్వే.’

‘నీకు తెలీదా పిన్నీ?’

‘తెలుసు. నాకు వినాలనుంది. ఈ ఇంట్లో ఆ మాట విని ఎన్నాళ్ళయిందో.’

‘ఇదిగో’ అన్నాను.

‘అలా మెత్తగా కాదే. కాస్త విసుగ్గా అను. చొక్కా కనబడటం లేదన్నట్టు.’

నవ్వు రాబోయి ఆగిపోయింది. గొంతు పెంచి, చేతనైనంత విసుగ్గా అన్నాను.

‘ఇదిగో!’

పిన్ని కుర్చీలోంచి కదల్లేదు. కళ్ళు మూసుకుంది.

‘ఆఁ, వస్తున్నానండీ’ అంది.