ఓబుళమ్మ కట్టిన కట్టు

ఓబుళమ్మకు మోకాళ్లు పోయాయని, అందుకే పసిబిడ్డలకు నీళ్లు పోయడం మానేసిందని వీధిలో అనుకుంటారు గానీ, అది ఉత్త మాట. ట్యాంకరు వస్తే రెండు బిందెలతో అందరికన్నా ముందు ఉరికేది ఆమే. చంటిబిడ్డ కనబడితే మాత్రం చేతులు కొంగులో దాచుకుంటుంది. పోయినేడు అదే వీధిలో ఉండే రేఖ చంటికొడుక్కి బొడ్డు ఉబ్బితే, దానిమీద రూపాయి బిళ్ల పెట్టి గుడ్డతో కట్టింది ఈమే. కట్టు కింద చర్మం పుండై చీము పట్టింది. అనంతపురం డాక్టరు కట్టు విప్పించి, పుండుకు మందిచ్చి, బొడ్డు దానంతటదే లోపలికి పోతుందన్నాడు. ఏడాది తిరిగేసరికి పోయింది కూడా. రేఖ ఒక్క మాటా అనలేదు.

"బిడ్డ బాగుండాడు కదే, ఇంకా ఏంటికి నీకీ బాధ?" అని పక్కింటి నారాయణమ్మ ఉండబట్టలేక అడిగేసింది.

"వాడు నొప్పికి ఏడ్చినాడక్కా. ఏడ్చినప్పుడల్లా బొడ్డు ఉబ్బుతాందని, నేను కట్టు ఇంకా బిగిస్తా వచ్చినా."